భయపెట్టే కాగితాన్ని దేవుని ముందు పరచడం ఎలా

బ్యాంకు నోటీసు, స్కాన్ రిపోర్టు, కోర్టు సమన్లు, వీసా రాలేదన్న మెయిల్, పంచాయితీకి రమ్మన్న కబురు. ఏ ఇంటికైనా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటిది వస్తుంది. అది చేతికి రాగానే మన కాళ్లు మొదట ఎవరి దగ్గరికి పరిగెడతాయో గమనించండి. మన జీవితం మీద అసలు పెత్తనం ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది. ఆదివారం ఆరాధనలో ప్రభువును రాజు అని పాడటం తేలికే. సోమవారం పొద్దున్నే పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చి వెళ్లాక ఆ మాట మీద నిలబడటానికి సాధన కావాలి.

ఆ సాధన ఎలా ఉంటుందో యూదా రాజు హిజ్కియా చేసి చూపించాడు. రాజుల రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాల్లో ఉంది, యెషయా 36, 37లో కూడా ఉంది. ముందు బైబిలు తీసి ఆ రెండు అధ్యాయాలూ చదవండి, పావుగంట పడుతుంది. ఆ తర్వాత ఇక్కడ చెప్పే మెట్లు బాగా అర్థమవుతాయి.

కథ క్లుప్తంగా ఇది. క్రీస్తుపూర్వం 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీద పడ్డాడు. ప్రాకారాలున్న 46 పట్టణాలు పట్టుకున్నాననీ, హిజ్కియాను పంజరంలో పిట్టలా యెరూషలేములో బంధించాననీ అతనే రాయించుకున్నాడు. ఆ రాత ఉన్న ఆరు ముఖాల మట్టి దిమ్మె 1830లో నీనెవె శిథిలాల్లో దొరికింది, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హిజ్కియా మొదట డబ్బుతో గండం గడుపుకోవాలని చూశాడు. 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారం కట్టాడు. ఆ బంగారం సుమారు ఒక టన్ను. అది చాలక, దేవాలయం తలుపులకు తానే ఒకప్పుడు వేయించిన బంగారు రేకులు ఊడదీసి ఇచ్చాడు. డబ్బు పోయింది. సైన్యం మాత్రం యెరూషలేము గుమ్మం దాకా వచ్చింది. ఆ తర్వాత సన్హెరీబు నుంచి ఒక బెదిరింపు ఉత్తరం కూడా వచ్చింది.

1. వెంటనే జవాబివ్వకండి

సన్హెరీబు పంపిన రబ్షాకే ఊరి బయట చాకిరేవు దారిలో, మెరక కొలను కాలువ దగ్గర నిలబడి అరిచాడు. రాజు తరఫున వెళ్లినవాళ్లు అరామిక్‌లో మాట్లాడమని బతిమాలినా వినలేదు. గోడ మీద కూర్చున్న మామూలు జనానికి అర్థం కావాలని కావాలనే యూదుల భాషలో తిట్టాడు. జనం ఒక్క మాట మాట్లాడలేదు. జవాబు చెప్పొద్దని రాజు ఆజ్ఞ.

మీరు చేయాల్సింది కూడా అదే. కబురు వచ్చిన మొదటి గంటలో వాట్సాప్‌లో ఎదురు మెసేజ్ పెట్టకండి. బావమరిదికి ఫోన్ చేసి కేకలేయకండి. ఎవరి మీద అనుమానం ఉందో వాళ్ల ఇంటి మీదికి వెళ్లకండి. ఫోన్ పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి, కూర్చోండి. ఆ గంటలో మనం మాట్లాడే మాటలు చాలావరకు భయం మాట్లాడించేవే.

ఒక్క జాగ్రత్త. మనిషికి గుండెనొప్పి వచ్చినా, ప్రమాదం జరిగినా ఈ మెట్టు వర్తించదు. ముందు 108కి ఫోన్ చేయండి, అంబులెన్సులో కూర్చుని ప్రార్థన చేసుకోండి. ఆ ఫోన్ చేయడం అవిశ్వాసం అవుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

2. మడిచి బీరువాలో పెట్టకండి, పూర్తిగా చదవండి

దూతల చేతుల్లోంచి హిజ్కియా ఉత్తరం తీసుకుని చదివాడని బైబిలు ప్రత్యేకంగా చెబుతోంది. ఆ మాట నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ప్రార్థనాపరులమని పేరున్న మనలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. కవరు విప్పకుండానే 'ప్రభువు చూసుకుంటాడు' అని చీరల కింద పెట్టేస్తాం. ఏం రాసుందో తెలియని కాగితం గురించి ప్రార్థిస్తే ప్రార్థన కూడా పొగలా ఉంటుంది.

కూర్చుని రెండుసార్లు చదవండి. ఇంగ్లిషు రాకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. జరిగిపోయిన విషయం కింద గీత గీయండి. తేదీ, గడువు ఉంటే సున్నా చుట్టండి. బెదిరింపు ఉన్నచోట పక్కన చిన్న గుర్తు పెట్టండి.

ఈ మూడూ విడదీయడం ఎందుకంటే, భయపెట్టేవాడి మాటల్లో అన్నీ కలిసే వస్తాయి. రబ్షాకే మాటలే చూడండి. ఐగుప్తును నమ్ముకుంటే అది ఆనుకున్నవాడి చేతిలోనే గుచ్చుకునే నలిగిన రెల్లు అన్నాడు. అది నిజం. ఆ కాలపు ప్రవక్త యెషయా కూడా ఐగుప్తు సాయాన్ని నమ్ముకోవద్దనే చెబుతూ వచ్చాడు. హిజ్కియా ఉన్నత స్థలాలు, అంటే కొండల మీది పూజాస్థలాలు, పడగొట్టాడు కాబట్టి మీ దేవుడికి మీ మీద కోపం వచ్చుంటుంది అన్నాడు. అది తలకిందులు చేసిన మాట, ఆ పని దేవునికి ఇష్టమైనదే. రెండు వేల గుర్రాలిస్తాను, ఎక్కేవాళ్లు ఉన్నారా అన్నాడు. అది వట్టి ఎగతాళి. నాకు లొంగితే ఎవడి ద్రాక్షచెట్టు పండ్లు వాడు తింటాడు అని ఆశ కూడా చూపించాడు. నిజం, వక్రం, ఎగతాళి, ఆశ అన్నీ ఒకే గొంతుతో వస్తే వినేవాడికి మొత్తం నిజమే అనిపిస్తుంది.

మీ చేతిలో కాగితం కూడా అంతే. నాలుగు కిస్తీలు బాకీ అని ఉంటే అది నిజం. 'ఇక మన బతుకు ఇంతే' అన్న వాక్యం అందులో ఎక్కడా ఉండదు, దాన్ని మన భయం రాసుకుంటుంది. స్కాన్‌లో గడ్డ కనిపించిందని ఉంటే అది నిజం. అది ఏ గడ్డో బయాప్సీ అయ్యేవరకు డాక్టరుకే తెలియదు.

3. తగ్గించుకోండి, ఎవరి ముందో తెలిసి తగ్గించుకోండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఉండాలి.

కబురు వినగానే హిజ్కియా బట్టలు చింపుకుని, గోనెపట్ట కట్టుకుని దేవుని మందిరానికి వెళ్లాడు. అంతకుముందు అతను సన్హెరీబుకు కబురు పంపినప్పుడు కూడా తగ్గాడు. తప్పు నాదే, నువ్వు ఎంత వేస్తే అంత కడతాను అన్నాడు. ఆ తగ్గడంలో భయం ఉంది, బేరం ఉంది, చివరికి మోసపోవడం ఉంది. గోనెపట్ట కట్టుకుని మందిరానికి వెళ్లినప్పుడు మాత్రం అతను తన మీద నిజంగా అధికారం ఉన్నవాని ముందుకు వెళ్లాడు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనుషుల కాళ్లు పట్టుకోవడానికి అలవాటుపడ్డ మనం దీన్ని బాగా తెలుసుకోవాలి.

ఇలా వంగడం అతనికి ఆ ఒక్కరోజులో రాలేదు. అంతకుముందు మోరెషెత్ ఊరి ప్రవక్త మీకా వచ్చి, సీయోనును పొలంలా దున్నేస్తారు, యెరూషలేము రాళ్ల కుప్ప అవుతుంది అని చెప్పాడు. రాజు ముఖం మీద అలాంటి మాట చెబితే తల తీయించే కాలం అది. హిజ్కియా అతన్ని ఏమీ చేయలేదు. దేవునికి భయపడి ఆయన దయ కోసం వేడుకున్నాడు. నూరేళ్ల తర్వాత కూడా ఊరి పెద్దలు ఆ సంగతి గుర్తుపెట్టుకుని చెప్పారని యిర్మీయా 26లో ఉంది.

అదే వంశంలో హిజ్కియా మునిమనవడి కొడుకు యెహోయాకీము ఏం చేశాడో యిర్మీయా 36లో చూడండి. తొమ్మిదో నెల, చలికాలం. రాజు శీతకాలపు నగరులో కూర్చున్నాడు, ముందు కుంపటి మండుతోంది. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన దేవుని మాటల చుట్టను యెహూది అనే ఉద్యోగి చదువుతున్నాడు. మూడు నాలుగు వరుసలు చదవగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి కుంపటిలో వేయిస్తున్నాడు. మళ్లీ మూడు నాలుగు వరుసలు, మళ్లీ చాకు. చుట్ట మొత్తం బూడిదయ్యేదాకా అంతే. రాజు గానీ, అతని పరివారం గానీ భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అని అక్కడ రాసి ఉంది. హిజ్కియా శత్రువు రాసిన ఉత్తరాన్ని కూడా దేవుని ముందుకు తెచ్చాడు. ఇతను దేవుడు రాయించిన ఉత్తరాన్నే పొయ్యిలో పెట్టాడు.

కాబట్టి మోకాళ్ల మీదికి వెళ్లే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ మధ్య దేవుని వాక్యం నన్ను గద్దించినప్పుడు నేను ఏ ముక్క కోసి పక్కన పడేశాను? చెల్లెలికి ఇవ్వాల్సిన వాటా గురించా, కూలివాళ్లకు ఆపిన డబ్బు గురించా, క్షమించలేకపోతున్న తోడికోడలి గురించా? గుర్తొస్తే దాన్ని ముందు చెప్పుకోండి. అప్పు పెరగడానికి పెళ్లిలో పెట్టిన గొప్పలు కారణమైతే ఆ మాట కూడా దాచకుండా చెప్పండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చుని ప్రార్థించండి. మంచంలో ఉన్నవాళ్లు పడుకునే ప్రార్థించండి. హిజ్కియాయే జబ్బుపడ్డప్పుడు గోడ వైపు ముఖం తిప్పుకుని పడకలోనే ఏడ్చి ప్రార్థించాడు.

ఇక్కడ రెండు విషయాల్లో పొరబడకండి. ఒకటి, వచ్చిన ప్రతి కష్టం మీ పాపానికి శిక్ష అనుకోకండి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడూ పాపం చేయలేదు, వీడి తల్లిదండ్రులూ చేయలేదు అని యేసే చెప్పాడు. పిల్లాడికి జబ్బు చేసిందని తల్లిని నిందించేవాళ్లు ఆ అధ్యాయం, యోహాను 9, చదవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. రబ్షాకే ఒక మాట అన్నాడు: యెహోవా సెలవు లేకుండానే ఈ దేశం మీదికి వచ్చానా, ఆయనే నన్ను పంపాడు అని. దేవుని పేరు చెప్పి లొంగదీసుకోవాలనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కొట్టే భర్త 'లోబడి ఉండమని బైబిల్లోనే ఉంది' అంటాడు. 'నా మాట కాదంటే దేవుణ్ణి కాదన్నట్టే' అనే నాయకుడు ఉంటాడు. దేవుని అధికారానికి లోబడటం అంటే వాళ్ల దౌర్జన్యానికి లోబడటం అని అర్థం చేసుకోకండి. రబ్షాకే ఆ మాట అన్నాక కూడా హిజ్కియా కోట తలుపు తీయలేదు. ఇంట్లో హింస ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ముందు క్షేమంగా ఉన్నచోటికి చేరండి, ప్రార్థన అక్కడ చేసుకోవచ్చు.

4. కాగితాన్ని నిజంగానే పరచండి

హిజ్కియా ఆ ఉత్తరాన్ని మందిరంలోకి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో పరిచాడు. మీరూ అక్షరాలా అలాగే చేయండి. రాత్రి అందరూ పడుకున్నాక గానీ, తెల్లవారుజామున గానీ చాప వేసుకోండి. మడతలు విప్పి కాగితాన్ని నేల మీద పెట్టండి. ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా అంచు మీద బైబిలో, కళ్లజోడు పెట్టో ఉంచండి. మెయిల్ అయితే ప్రింట్ తీయించండి, వీలుకాకపోతే ఫోన్‌లోనే తెరిచి ముందు పెట్టండి. నోటిమాటగా వచ్చిన కబురైతే తెల్లకాగితం మీద మీ చేత్తో రాయండి.

దేవుడు చదువుకోవాలని ఇది చేయం. ఆయనకు ముందే తెలుసు. చేయాల్సిన అవసరం మనది. చేతిలో ఉన్నంతసేపు ఆ కాగితాన్ని మనం నలుపుతూ ఉంటాం, అది మనల్ని నలుపుతూ ఉంటుంది. నేల మీద పెట్టాక చేతులు ఖాళీ అవుతాయి. చూడు ప్రభువా అని వేలు పెట్టి చూపించవచ్చు. కొంతమందికి ఏడుపు వచ్చేది అప్పుడే. రానివ్వండి.

5. ప్రార్థనలో మాటల వరుస

హిజ్కియా ప్రార్థన రెండవ రాజులు 19లో 15 నుంచి 19 వరకు, ఐదే వచనాలు. దేశం మొత్తం పోతున్న వేళ చేసిన ప్రార్థన గట్టిగా చదివితే నిమిషం దాటదు. ఆ వరుస గమనించండి.

మొదట దేవుడెవరో చెప్పాడు. కెరూబుల మధ్య ఆసీనుడైన ఇశ్రాయేలు దేవా, భూమి మీద అన్ని రాజ్యాలకూ నువ్వొక్కడివే దేవుడివి, ఆకాశాన్నీ భూమినీ చేసింది నువ్వే అన్నాడు. 'అన్ని రాజ్యాలకూ' అన్నప్పుడు సన్హెరీబు రాజ్యం కూడా అందులోకి వచ్చేసింది. బెదిరించేవాడు కూడా దేవుని అధికారం కిందే ఉన్నాడని ఒప్పుకోవడంతో ప్రార్థన మొదలైంది.

తర్వాత చెవిపెట్టి విను, కళ్లు తెరిచి చూడు అని అడిగాడు. ఆ తర్వాత, చాలామంది వదిలేసే మాట: అష్షూరు రాజులు ఆ దేశాలను పాడుచేసిన మాట నిజమే అన్నాడు. శత్రువు బలాన్ని తగ్గించి చెప్పలేదు. ఆ దేశాల దేవుళ్లు మనుషులు చేసిన కర్ర, రాయి కాబట్టి కాలిపోయారు అని కూడా చెప్పాడు. విన్నపం మాత్రం ఒక్క ముక్క: అతని చేతిలోంచి మమ్మల్ని రక్షించు. ఎందుకు? నువ్వే దేవుడివని భూమి మీద రాజ్యాలన్నీ తెలుసుకోవాలి.

అప్పు నోటీసు పరిచిన ఇంట్లో ఆ వరుస ఇలా ఉండొచ్చు:

'ప్రభువా, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడివి నీవు. ఈ బ్యాంకు మీద, ఆ ఆఫీసులో కూర్చున్నవాళ్ల మీద, మా ఇంటి మీద అధికారం నీదే. ఈ కాగితం చూడు. మేము నాలుగు కిస్తీలు కట్టని మాట నిజమే. పెళ్లికి తాహతుకు మించి ఖర్చుపెట్టిన మాట కూడా నిజమే, క్షమించు. మా ఇల్లు పోకుండా కాపాడు. ఎలా కాపాడతావో మాకు తెలియదు. నీవు నమ్మదగినవాడివని మా వీధిలో అందరికీ తెలియాలి. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.'

ఈ మాటలే అనాలని లేదు, మీ ఇంటి మాటల్లో చెప్పండి. అయితే 'నిజమే' అన్న భాగం వదలకండి. అది వదిలేస్తే ప్రార్థన ఆజ్ఞలివ్వడంలా తయారవుతుంది. 'ఈ క్షణమే ఇది జరగాలి' అని దేవునికి గడువు పెట్టే ప్రార్థనలు ఈ మధ్య ఎక్కువ వినిపిస్తున్నాయి. హిజ్కియా ప్రార్థనలో గడువు లేదు. చచ్చిపోతున్నామన్న ఆతురత ఉంది, అయినా ఎప్పుడు, ఎలా అన్నది దేవునికే వదిలాడు.

ప్రార్థన అయ్యాక కాసేపు మౌనంగా ఉండండి. తర్వాత కాగితం మడిచి ఫైల్లో పెట్టండి. దిండు కింద మాత్రం పెట్టుకోకండి.

6. ఒకరిద్దరిని తోడు అడగండి

మొదటి కబురు వచ్చినప్పుడు హిజ్కియా తన అధికారులైన ఎల్యాకీమును, షెబ్నాను, యాజకుల్లో పెద్దలను గోనెపట్టలతోనే యెషయా దగ్గరికి పంపాడు. పిల్లలు పుట్టే సమయం వచ్చింది, కనడానికి శక్తి లేదు, మిగిలినవాళ్ల కోసం ప్రార్థన చేయి అని కబురు. రాజు తన చేతకానితనాన్ని ఇంత బాహాటంగా ఒప్పుకున్న చోటు అరుదు.

నోటిలో మాట నిలిచే మనుషులను ఎంచుకోండి. పాస్టరుగారో, సంఘంలో పెద్దమ్మగారో, కష్టంలో మీ పక్కన నిలబడ్డ స్నేహితుడో. రిపోర్టు ఫోటో తీసి రెండు వందలమంది ఉన్న ప్రార్థన గ్రూపులో పెట్టకండి. ముఖ్యంగా ఆడపిల్ల విషయం, జబ్బు విషయం అయితే అసలు వద్దు. ప్రార్థనకు డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. యెషయా ఒక్క షెకెలు కూడా అడగలేదు.

7. లేచి కాలువ తవ్వండి

నమ్మకం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అని హిజ్కియా అనుకోలేదు. కూలిన గోడ కట్టించాడు, బయట ఇంకో గోడ లేపాడు, శత్రువుకు నీళ్లు దొరకకుండా ఊటలు పూడ్పించాడు. గీహోను ఊట నీళ్లను కొండ కిందుగా ఊళ్లోకి తెచ్చాడు. ఆ సొరంగం 533 మీటర్లు. రాయి తొలుస్తూ రెండు జట్లు రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో కలిశాయి. కలవడానికి కొంచెం ముందు రాతి అవతలి నుంచి ఒకరినొకరు పిలుచుకున్న గొంతులు వినిపించాయని సొరంగం గోడ మీదే చెక్కారు. 1880లో బయటపడ్డ ఆ శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. సొరంగంలో నీళ్లు ఈ రోజుకీ పారుతున్నాయి.

ఇన్ని చేసినా యెషయా 22లో ఒక మందలింపు ఉంది. రెండు గోడల మధ్య నీళ్లు నిలవ చేసుకున్నారు గానీ, దీన్ని ఎప్పుడో ఏర్పాటు చేసినవాని వైపు మీరు చూడలేదు అని. కాలువ తవ్వడాన్ని ప్రవక్త తప్పు పట్టలేదు. ఎవరి వైపు చూస్తూ తవ్వుతున్నాం అన్నదే అడిగాడు. అందుకే ఈ మెట్టును ప్రార్థన తర్వాత పెట్టాను.

ఇల్లు తనఖా పెట్టిన అప్పు మీద సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వాడే చట్టం) 13(2) నోటీసు వచ్చిందనుకోండి, బాకీ కట్టడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు చెప్పాలి. వెళ్లి మేనేజరుతో మాట్లాడండి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది. అప్పు భారంతో ప్రాణం మీదే విరక్తి కలుగుతుంటే, రాత్రయినా పగలైనా టెలి మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి. ఇంట్లో ఒకరికి తప్పకుండా చెప్పండి.

జబ్బయితే మందులు ఆపకండి. హిజ్కియాకు చావు పుండు వచ్చినప్పుడు దేవుడు ప్రార్థన విని 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అదే నోటితో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే కట్టు కూడా కట్టించాడు.

8. జవాబు కోసం ఉండటం

హిజ్కియాకు యెషయా ద్వారా వచ్చిన జవాబులో మొదటి మాట: నీ ప్రార్థన విన్నాను. ఆ రాత్రే అష్షూరు దండులో లక్షా ఎనభై ఐదు వేలమంది చనిపోయారని బైబిలు చెబుతోంది. సన్హెరీబు తిరిగి వెళ్లిపోయాడు. పంజరంలో పిట్ట అని రాసుకున్నవాడు ఆ పిట్టను పట్టుకున్నానని మాత్రం ఎక్కడా రాసుకోలేకపోయాడు. క్రీస్తుపూర్వం 681లో సొంత కొడుకుల చేతిలోనే చచ్చాడు.

మనం సాక్ష్యాల్లో చెప్పుకునేది ఆ ఒక్క రాత్రి గురించే. జవాబులో ఇంకో ముక్క ఉంది. ఈ ఏడు దానంతట అదే మొలిచింది తింటారు, రెండో ఏడు కూడా అలాగే, మూడో ఏట విత్తి కోస్తారు అని. సైన్యం రాత్రికి రాత్రి పోయింది గానీ పొలం కోలుకోవడానికి మూడో ఏడు దాకా పట్టింది. నోటీసు వెనక్కి వెళ్లాక కూడా అప్పు తీరడానికి ఏళ్లు పట్టొచ్చు. గడ్డ తీసేశాక కూడా ఒంట్లో బలం రావడానికి నెలలు పట్టొచ్చు. ఆ మధ్యకాలంలో 'దానంతట అదే మొలిచింది' తింటూ ఉండటం కూడా నమ్మకమే. ఎవరో పంపిన బియ్యం, అన్నయ్య కట్టిన ఫీజు, ఓవర్‌టైమ్ డబ్బు. వాటిని చిన్నచూపు చూడకండి.

ఇంకో మాట దాటేయలేను. యెరూషలేము దక్కింది, యూదాలోనే ఇంకో కోట పట్టణం లాకీషు దక్కలేదు. ఆ ముట్టడిని సన్హెరీబు తన నగరు గోడల రాళ్ల మీద చెక్కించుకున్నాడు. ఆ రాళ్లు కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. మూటలు కట్టుకుని ఊరు విడిచి వెళ్తున్న కుటుంబాలు, ఎడ్లబండి మీద మూటల పైన కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు. లాకీషులో కూడా ప్రార్థించినవాళ్లు ఉండే ఉంటారు. గెత్సేమనేలో యేసు ఈ గిన్నె తీసేయమని చెమట రక్తబిందువుల్లా కారేలా అడిగాడు, నా ఇష్టం కాదు నీ చిత్తమే కానివ్వు అన్నాడు, గిన్నె తీసేయలేదు. ఇంటిని, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు మీరు విశ్వాసంతో అడగలేదేమో అని చెప్పడం క్రూరత్వం. వాళ్ల పక్కన కూర్చోండి. ప్రార్థించే ఓపిక వాళ్లకు లేకపోతే వాళ్ల బదులు మీరు కాగితం పరవండి.

9. శుభవార్త వచ్చినప్పుడు కూడా ఇదే పని

ఈ మెట్టు హిజ్కియా ఎక్కలేకపోయాడు. రెండవ రాజులు 20లో బబులోను నుంచి దూతలు వచ్చారు. వాళ్లు కూడా ఉత్తరాలు తెచ్చారు, కానుక కూడా తెచ్చారు. జబ్బుపడి లేచినవాణ్ణి పరామర్శించడానికి వచ్చిన మర్యాదస్తులు. ఆ ఉత్తరాలను అతను మందిరానికి తీసుకెళ్లినట్టు ఎక్కడా లేదు. కొట్లు తెరిచి వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, మంచి నూనె, ఆయుధాలు అన్నీ చూపించాడు. ఆ మనుషులు ఏమన్నారు, నీ ఇంట్లో ఏం చూశారు అని యెషయా వచ్చి అడిగేదాకా అతనికి తప్పు తెలియలేదు. అతని మనసు గర్వించిందని, తర్వాత తగ్గించుకున్నాడని దినవృత్తాంతాలు చెబుతోంది.

బెదిరింపు ఉత్తరం మనల్ని మోకాళ్ల మీదికి తోస్తుంది, పొగడ్త ఉత్తరం తోయదు. అందుకే కష్టం గట్టెక్కాక మీతో ప్రార్థించినవాళ్లకు ఆ రోజే కబురు చెప్పండి. సాక్ష్యం చెప్పేటప్పుడు ఎదుటివాడి పరువు తీసే వివరాలు వదిలేసి, దేవుడు చేసింది చెప్పండి. ఇకమీదట ఇంటికి మంచి కాగితం వచ్చినా, అబ్బాయి ఆఫర్ లెటర్ అయినా, అమ్మాయికి వచ్చిన పెద్ద సంబంధం బయోడేటా అయినా, పొలానికి ఊహించని ధర ఇస్తామన్న అగ్రిమెంటు అయినా, సంతకం పెట్టకముందు, స్టేటస్‌లో పెట్టకముందు, అదే చాప మీద అలాగే పరిచి ప్రార్థించండి.